శ్రీకాకుళం విమానాశ్రయం: నాలుగో ఏడాది లెక్క ఏది?

పలాస దగ్గర మందస, వజ్రపుకొత్తూరు వైపు విమానాశ్రయం మాట రాగానే ఉద్దానం రైతుల్లో టెన్షన్ మొదలైంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటలను వేళ్లతో సహా పెకలించింది. ఆ తర్వాత వేసిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. మళ్లీ ఆ నేలే అడుగుతున్నారు.

చిన్న ఊళ్ల విమానాలకు సర్కారు డబ్బు పెట్టడం కొత్తేమీ కాదు. ఆ పని కోసమే 1981లో ప్రభుత్వ సంస్థ వాయుదూత్ పుట్టింది. నష్టాల్లో కూరుకుపోయి 1993లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

2016లో చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర పథకం ఉడాన్ వచ్చింది. అప్పటి పౌర విమానయాన మంత్రి మన విజయనగరం పూసపాటి అశోక్ గజపతిరాజు. గంట ప్రయాణానికి సుమారు 2,500 రూపాయలే టికెట్, అదీ దాదాపు సగం సీట్లకు. కంపెనీకి వచ్చే లోటును మూడేళ్లపాటు ప్రభుత్వమే పూడుస్తుంది. అందులో రాష్ట్రం వాటా 20 శాతం. మిగతాది పెద్ద రూట్లలో తిరిగే విమానాల మీద వేసిన సుంకం నుంచి వస్తుంది. పాత రన్‌వేలను బాగుచేయడానికి వేరుగా 4,500 కోట్లు కేటాయించారు. మంచి ఆలోచనే. సోంపేట, కంచిలి వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లే వెల్డర్లు, ఫిట్టర్లు విశాఖ దాకా రైలో బస్సో పట్టుకుని వెళ్లే అవస్థ తెలిసినవాళ్లెవరూ దాన్ని కాదనరు.

చిక్కంతా మూడేళ్లు దాటాకే. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ తొలి సర్వీసుల్లో కడప–హైదరాబాద్ కూడా ఉంది. దాన్ని నడిపిన ట్రూజెట్ 2022లో మూతపడింది. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023 నాటి నివేదిక ఇంకా కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది: పరిశీలించిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు పూర్తి చేసుకున్నవి 112. ఆ తర్వాత కూడా 2023 మార్చి నాటికి నడుస్తున్నవి 54 మాత్రమే.

భోగాపురం సంగతి వేరు. అది విశాఖ రద్దీని నమ్ముకుని జీఎంఆర్ కడుతున్న పెద్ద విమానాశ్రయం. అక్కడ కూడా 2015లో 15,000 ఎకరాల మాటతో మొదలై, జనం ఎదురు తిరిగాక సుమారు 2,200 ఎకరాలకు దిగింది. అంటే అడిగితే లెక్క మారుతుంది.

2024 నుంచి పౌర విమానయాన శాఖ శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు చేతిలో ఉంది. 2025–26 బడ్జెట్‌లో ఉడాన్‌ను పదేళ్లలో మరో 120 చోట్లకు విస్తరిస్తామన్నారు. ఇటు శ్రీకాకుళం టౌన్ వాళ్లకు భోగాపురం గంట దూరమే. మరి పలాస దగ్గర ఎక్కేవాళ్లెందరు? సాయం ఆగాక టికెట్ ధర ఎంత, లోటు ఎవరు భరిస్తారు? ఈ అంకెలున్న నివేదికను తెలుగులో, ఊరూరా గ్రామసభ పెట్టి చదివి వినిపించాలి. సర్వే రాళ్లు ఆ తర్వాతే పాతాలి.