నీల్ దీవిలో సైకిలు, టెంటు: అపోహలు - వాస్తవాలు

పోయిన పౌర్ణమికి మళ్లీ అదే. వైజాగ్ కుర్రాళ్లు నలుగురు అండమాన్‌లోని నీల్ దీవిలో (ఇప్పటి పేరు షహీద్ ద్వీప్), లక్ష్మణ్‌పూర్ బీచ్‌లో సైకిళ్లు ఇసుకలో పడేసి టెంట్లు విప్పుతున్నారు. సాయంత్రం నాలుగున్నర. నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి. "ఇక్కడ వద్దు తమ్ముడూ" అంటే ఒకడు నవ్వాడు. "మేం ఆర్కే బీచ్‌లో పెరిగినవాళ్లం అన్నా, సముద్రం మాకు కొత్తా?"

అండమాన్‌లో సైకిల్ ట్రిప్పులు నడుపుతూ నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. టెంట్లు, ఫోన్లు ఎక్కువగా పోయేదీ దీనివల్లే.

అపోహ: నీళ్లు అంత దూరంలో ఉన్నాయి, ఇక్కడిదాకా రావు.

వస్తాయి. వైజాగ్‌లో పౌర్ణమి పోటుకీ ఆటుకీ మధ్య నీటి ఎత్తు ఒకటిన్నర మీటరు దాకా మారుతుంది. ఇక్కడ రెండు మీటర్ల దాకా. ఎత్తులో తేడా అంతే, అసలు తేడా వాలులో ఉంది. ఆర్కే బీచ్ ఏటవాలుగా ఉంటుంది కాబట్టి నీళ్లు పెరిగినా కొద్ది దూరమే ముందుకొస్తాయి. లక్ష్మణ్‌పూర్‌లో అడుగున చచ్చిన పగడపు రాయి బల్లపరుపుగా పరుచుకుని ఉంటుంది. అక్కడ నీళ్లు రెండు మీటర్లు లేచాయంటే మీరు సాయంత్రం ఫొటోలు దిగిన చోటంతా మునిగిపోతుంది.

ఆ కుర్రాడు తెలివైనవాడే. నీటి అంచున పుల్ల గుచ్చాడట. "అరగంటైంది, అంగుళం కూడా కదల్లేదు చూడన్నా." మోసమంతా అక్కడే ఉంది. ఆటు పూర్తయ్యాక మొదటి గంటలో నీళ్లు దాదాపు నిలబడినట్టే ఉంటాయి. పెరగాల్సిన ఎత్తులో పన్నెండో వంతు మాత్రమే పెరుగుతాయి. మూడో గంటలో, నాలుగో గంటలో పన్నెండింట మూడేసి వంతులు లేస్తాయి. అంటే మీరు అన్నం తిని కునుకు తీసే సమయానికి.

వాదించలేదు. అసలు బీచ్ మీద, అడవిలో అనుమతి లేకుండా టెంట్ వేయకూడదని చెప్పి, తెలిసినాయన కొబ్బరి తోటలోకి తీసుకెళ్లాను. రాత్రి పదింటికి టార్చి పట్టుకుని అందరం మళ్లీ బీచ్‌కి వెళ్లాం. టెంట్ వేయబోయిన చోట నీళ్లు మోకాలి లోతున ఉన్నాయి. పుల్ల ఎక్కడుందో తెలియలేదు. వాడి చెప్పు ఒకటి మాత్రం తేలుతూ ఎదురొచ్చింది.

చూడాల్సింది తడి గీతని కాదు, ఎండిన ఆకులు, గవ్వలు, చెత్త పేరుకున్న గీతని. ఒక్కోసారి రెండు గీతలుంటాయి, పైది పౌర్ణమి, అమావాస్యలది. ఊదా పూల తీగ ఇసుక మీద ఎక్కడినుంచి పాకుతుందో అక్కడికి సముద్రం మామూలుగా రాదు. బీచ్‌లో కూర్చోవాలన్నా, సైకిల్ ఆనించాలన్నా దానికి పైనే. పోటుకీ పోటుకీ మధ్య పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు. అందుకే పోటు రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నిన్నటి టైము నేటికి పనికిరాదు. ఈ దీవి ఒడ్డున ఉన్న సహజ రాతి వంతెన చూడ్డానికి వెళ్లేవాళ్లకీ ఇదే లెక్క. ఆటులో రాళ్ల మీదుగా నడిచి వెళ్లి, ఫొటోల్లో పడి, తిరుగు దారి మునిగాక కేకలేస్తారు.

అపోహ: సునామీ వస్తే ఇంత చిన్న దీవిలో తప్పించుకోలేం.

ఇది ఎక్కువగా అమ్మల ఫోన్ కాల్. నేను విసుక్కోను. 2004 చూసినవాళ్లకి ఆ భయం ఉండడంలో తప్పేముంది? ఒక తల్లి రోజుకి మూడుసార్లు ఫోన్ చేసేది. ఆమెకి చెప్పిందే మీకూ చెబుతాను. మన దేశపు సునామీ హెచ్చరికల కేంద్రం 2007 నుంచి హైదరాబాద్‌లోనే, ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రంలో పనిచేస్తోంది. పోటు సమయాలూ వాళ్ల దగ్గరే దొరుకుతాయి. కానీ భూకంపం దగ్గర్లోనే వస్తే హెచ్చరిక అందేంత సమయం ఉండకపోవచ్చు. నేల గట్టిగా కంపించిందా, ఫోన్ చూడకుండా ఎత్తు వైపు నడవాలి. సైకిల్, టెంట్ అక్కడే వదిలేయాలి. "అంతేనా బాబూ?" అందామె. అంతే.

అపోహ: ప్రతి బీచ్‌లో మొసళ్లు.

వాట్సాప్ మహిమ. 2010లో పక్కనున్న హేవ్‌లాక్ దీవిలో (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) ఒక అమెరికన్ టూరిస్టు మొసలి దాడిలో చనిపోయిన మాట నిజం. ఉప్పునీటి మొసళ్లు మడ అడవుల కాలువల్లో తిరుగుతాయి. బోర్డు ఉన్నచోట దిగకండి, చీకటి పడ్డాక అసలే దిగకండి.

అపోహ: సాయంత్రం ఆరున్నర దాకా సైకిల్ తొక్కొచ్చు.

గడియారం మనదే, సూర్యుడు మాత్రం తొందరపడతాడు. డిసెంబరులో ఐదింటికే అస్తమిస్తాడు. జెట్టీ నుంచి సీతాపూర్ ఐదు కిలోమీటర్లే కదా అని నాలుగున్నరకి బయల్దేరినవాళ్లు వెనక్కి చీకట్లోనే వస్తారు. ముందు లైటు, వెనక లైటు పెట్టుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కొబ్బరి చెట్టు కింద టెంట్ వేస్తే నీడ కన్నా ముందు కాయ పడుతుంది. తోటలో ఉన్నా చెట్ల మధ్య ఖాళీ చూసుకోండి. గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కించరు, చెక్-ఇన్ సామానులో కూడా. దాన్ని ఎయిర్‌పోర్టులో వదిలేసి ఏడుపు ముఖంతో దిగినవాళ్లని చాలామందిని చూశాను. గవ్వలు, పగడాలు ఏరుకుని సంచిలో వేసుకోకండి, తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు. తడి ఇసుకలో సైకిల్ తొక్కితే మాత్రం ఆ రాత్రే గొలుసుని మంచినీళ్లతో కడిగి, ఆరాక నూనె వేయండి. పొద్దున్న చూద్దాంలే అంటే పొద్దుటికల్లా తుప్పు పడుతుంది, దాన్ని మళ్లీ నేనే రుద్దాలి.