ఆన్‌లైన్ మెంటరింగ్: అపోహలు - వాస్తవాలు

కొత్త లెక్చరర్ల క్లాసు వీడియోలు చూసి సలహాలిచ్చే మెంటర్‌ని నేను. వాళ్లతో వీడియో కాల్‌లో కూర్చున్న ప్రతిసారీ మొదట వినిపించే మాట ఒకటే: "క్లాసులు బాగానే జరుగుతున్నాయి మేడమ్." దాని వెనక ఉన్న భయం నాకు తెలుసు.

అపోహ: మెంటర్ అంటే ఇన్‌స్పెక్షన్. చెప్పిందంతా ప్రిన్సిపాల్‌కి చేరుతుంది.

వాస్తవం: చేరకూడదు. రెగ్యులర్ లెక్చరర్ల ప్రమోషన్ ఫైలు ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) మీదుగా కమిటీకి వెళ్తుంది, మెంటర్‌కి కాదు. 2020 జాతీయ విద్యా విధానం సీనియర్, రిటైర్డ్ అధ్యాపకులతో మెంటరింగ్ మిషన్ పెట్టాలన్నది కాలేజీ టీచర్లకు అండగా ఉండటానికే. "మెంటర్ రిపోర్టు వల్ల ఎవరినో తీసేశారట" అని స్టాఫ్‌రూముల్లో తిరిగే మాటకి ఇన్నేళ్లలో ఒక్కరూ నాకు కాగితం చూపించలేదు. అయినా ఏటా రెన్యువల్ టెన్షన్ పడే గెస్ట్ లెక్చరర్ల భయాన్ని నేను తీసిపారేయను. మొదటి కాల్‌లోనే అడిగేయండి: "ఈ నోట్స్ ఎవరు చూస్తారు?" సూటిగా జవాబు రాకపోతే మీ క్లాసు రికార్డింగ్ ఇవ్వకండి.

కెమిస్ట్రీ చెప్పే ఒక గెస్ట్ లెక్చరర్ మూడు కాల్స్ దాకా బాగా వచ్చిన క్లాసుల వీడియోలే పంపింది. నాలుగోసారి గొంతు తగ్గించి, "పీహెచ్ లెక్క ఇస్తే సగం మంది పెన్ను ముట్టుకోవడం లేదు మేడమ్. నాకే చెప్పడం రావడం లేదేమో" అంది. పీహెచ్ అంటే ద్రావణం ఎంత ఆమ్లమో చెప్పే అంకె. ఆ వీడియోనే పంపమ్మా అన్నాను. "అర్థమైందా?" అన్నప్పుడల్లా క్లాసంతా "అర్థమైంది మేడమ్" అంటోంది. ఆఖరి ఐదు నిమిషాల్లో పేరు లేకుండా చీటీలు రాయించమన్నాను: ఈరోజు ఎక్కడ ఆగిపోయారు?

సాయంత్రం వాట్సాప్‌లో ఫొటోలు వచ్చాయి. నోట్‌బుక్ నుంచి చింపిన ముక్క మీద వంకర అక్షరాలు: "లాగ్ అంటే ఏంటి మేడమ్?" అలాంటివే చాలా. పీహెచ్ లెక్కకి లాగ్ (లాగరిథమ్: పదిని ఎన్నిసార్లు గుణిస్తే ఆ సంఖ్య వస్తుందో చెప్పేది) కావాలి. అందరూ బైపీసీ పిల్లలు, ఇంటర్‌లో లెక్కల సబ్జెక్టే లేదు. మర్నాడు ఆమె పది, వంద, వెయ్యిలో సున్నాలు లెక్కపెట్టించడంతో మొదలుపెట్టింది. పీహెచ్ ఒక అంకె తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పదిరెట్లవుతాయని పిల్లలే చెప్పారట. మొదటి కాల్‌లోనే చెప్పుంటే బాగుండేది. అప్పటికే మిడ్ పరీక్ష అయిపోయింది.

నెట్ సరిగా లేకపోతే కుదరదంటారు. రెండు నిమిషాల క్లిప్, ఒక వాయిస్ మెసేజ్ చాలు.

కాలేజీ టీచర్ల కోసం 2023లో మొదలైన మాలవీయ మిషన్ ట్రైనింగ్ చేశాం కదా అంటారు. మంచిదే, కానీ అది అందరికీ కలిపి పెట్టిన కోర్సు. ఇక్కడ మాట్లాడేది మీ ఒక్క క్లాసు గురించి.

మెంటర్‌ది మన సబ్జెక్టే అయ్యుండాలంటారు. నాది కామర్స్. ఆ వీడియోలో లాగ్ వచ్చిన చోట నేనూ ఆగిపోయాను, చీటీలు రాయించమన్నది అందుకే.