సర్పగంధ వేరు చెప్పిన మెదడు సంగతులు

బిహార్ పల్లెల్లో దాన్ని 'పాగల్ కీ దవా' అనేవారు, అంటే పిచ్చికి మందు. మతి చలించి అరుస్తూ, తిరగబడుతూ, రాత్రుళ్లు కన్ను మూయని మనిషికి ఈ వేరు పొడి కలిపి తాగించేవారు. కొన్నాళ్లకు మనిషి నెమ్మదించేవాడు, నిద్ర పట్టేది. ఏడుపు ఆపని పసిపిల్లలకు కూడా తల్లులు చిటికెడు పెట్టి పడుకోబెట్టేవారట. ఇప్పుడు వింటే గుండె గుభేల్‌మంటుంది గానీ, ఆ రోజుల్లో అది మామూలే.

ఆ మొక్క పేరు సర్పగంధ. పాతాళగంధి అని కూడా అంటారు. గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు కుటుంబానిదే. మోకాలెత్తు పొద, కణుపుకు మూడు నాలుగు ఆకులు, ఎర్రటి కాడల మీద తెల్లటి పూల గుత్తి, పండితే నల్లబడే చిన్న కాయలు. హిమాలయాల దిగువ అడవుల నుంచి మన తూర్పు కనుమల దాకా నీడపట్టున పెరుగుతుంది. మందంతా వేరులోనే, అందులోనూ ఎక్కువగా వేరు బెరడులోనే ఉంటుంది. నమిలితే చేదు విషం.

పాముకాటుకు విరుగుడుగా దీనికి పాతకాలం నుంచీ పేరుంది. పాముతో పోట్లాటకు దిగే ముంగిస ముందు ఈ ఆకు తిని వెళ్తుందని కథ కూడా పుట్టింది. గోవాలో ఉన్న పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అచ్చువేసిన పుస్తకంలో పాముకాటుకు వాడే వేర్ల గురించి రాశాడు. వాటిలో ఒకటి ఇదేనని తర్వాతి వృక్షశాస్త్రజ్ఞులు గుర్తించారు. అయితే ఈ వేరు పాము విషాన్ని విరవదు. భయంతో వణికిపోతున్న మనిషిని కాస్త శాంతపరచి ఉంటుంది, పేరు ఆ విధంగా నిలబడి ఉంటుందని నా ఊహ. పాము కరిస్తే ఆసుపత్రికే వెళ్లాలి, అక్కడిచ్చే యాంటీవీనమే దిక్కు.

శాస్త్రీయ నామంలో మరో తమాషా ఉంది. రావుల్ఫియా అన్నది 16వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు లియోన్‌హార్ట్ రావుల్ఫ్ గౌరవార్థం పెట్టిన పేరు. ఆయన మూలికల కోసం సిరియా, ఇరాక్ ప్రాంతాలు తిరిగాడు గానీ భారతదేశంలో అడుగు పెట్టనే లేదు. దీన్ని తరతరాలుగా వాడిన వైద్యుల పేర్లు మాత్రం ఎక్కడా మిగల్లేదు.

1931లో కలకత్తా నుంచి గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఒక వ్యాసం ప్రచురించారు. ఈ వేరు పొడి ఉన్మాదాన్ని తగ్గిస్తుందని, రక్తపోటును కూడా దించుతుందని రాశారు. దాదాపు అదే సమయంలో ఢిల్లీలో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేరులోంచి ఆల్కలాయిడ్లు అనే కొన్ని మొక్కల రసాయనాలను విడదీసి, ఒకదానికి యునానీ వైద్యుడు హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద అజ్మలీన్ అని పేరు పెట్టారు. ఆ పదార్థం ఇంకా వాడుకలో ఉంది. బ్రుగాడా సిండ్రోమ్ అనే గుండె లయ జబ్బు ఈసీజీలో బయటపడకుండా దాగి ఉంటే, దాన్ని పైకి తేవడానికి కొన్ని దేశాల్లో అజ్మలీన్ ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు.

ప్రపంచం మాత్రం 1949 దాకా పట్టించుకోలేదు. ఆ ఏడాది బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన బీపీ రోగుల మీద ఈ మందు ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశారు. బీపీకి సరైన మాత్రలే లేని కాలమది. 1952లో స్విట్జర్లాండ్‌లో సీబా అనే మందుల కంపెనీ శాస్త్రవేత్తలు అసలు మందును పట్టుకున్నారు. అదే రిసర్పిన్. రెండేళ్లలో అమెరికాలో నేథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకు ఇచ్చి చూశాడు. గదుల్లో బంధించి ఉంచాల్సి వచ్చినవాళ్లు కొందరు మాట వినే స్థితికి వచ్చారు. కలకత్తాలో 23 ఏళ్ల కిందటే అచ్చయిన సంగతే అక్కడ మళ్లీ రుజువైంది. వకీల్‌కు 1957లో అమెరికాలో వైద్య పరిశోధనకు ఇచ్చే లాస్కర్ అవార్డులో భాగం దక్కింది.

అసలు కథ ఇక్కడి నుంచే. ఈ మందు మనిషిని ఎలా నెమ్మదింపజేస్తోంది? నరాల కొసల్లో అతి చిన్న సంచుల్లాంటివి ఉంటాయి. డోపమిన్, సెరటోనిన్, నారడ్రినలిన్ వంటి రసాయనాలను నరం వాటిలో నింపి పెట్టుకుని, కబురు పంపాల్సినప్పుడు వదులుతుంది. ఆ సంచుల్లోకి రసాయనాన్ని ఎక్కించే ప్రోటీన్‌ను రిసర్పిన్ మూసేస్తుంది. బయట మిగిలిన రసాయనాన్ని ఎంజైములు ముక్కలు చేసేస్తాయి. దాంతో నరానికి పంపడానికి కబురే ఉండదు. రక్తనాళాలను బిగించే ఆజ్ఞలు తగ్గి బీపీ దిగుతుంది, మెదడులో ఆందోళన చల్లారుతుంది. మందు మానేసినా ఆ ప్రభావం చాలా రోజులు పోదు.

స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ 1957లో కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వాల్చేసి కదలకుండా పడి ఉన్నాయి. తర్వాత శరీరంలో డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఎక్కిస్తే కాసేపట్లో లేచి తిరిగాయి. అప్పటిదాకా డోపమిన్‌కు సొంత పని ఏదీ లేదనుకునేవారు. కదలికకు అదే మూలమని తేలింది, పార్కిన్సన్స్ జబ్బుకు మందు దారి తెరుచుకుంది, 2000లో కార్ల్‌సన్‌కు నోబెల్ వచ్చింది. ఆ ఎల్-డోపా మనం ముట్టుకోవడానికే జంకే దూలగొండి గింజల్లో దండిగా ఉంటుంది. ఒక నాటు మూలిక పడగొట్టినదాన్ని లేపే పదార్థం ఇంకో నాటు మూలికలో ఉందన్నమాట!

రిసర్పిన్ వాడిన బీపీ రోగుల్లో కొందరు తీవ్రమైన దిగులులో పడ్డారని కూడా ఆ రోజుల్లో డాక్టర్లు రాశారు. సెరటోనిన్ వంటివి తగ్గితే డిప్రెషన్ వస్తుందన్న సిద్ధాంతానికి అదొక పునాది అయింది. పాత కేసులను తర్వాత మళ్లీ పరిశీలించినవాళ్లకు ఆ సంబంధం అంత గట్టిగా కనబడలేదు. అన్ని కేసులను సరిగా జల్లెడ పట్టకుండా అంత పెద్ద సిద్ధాంతం కట్టడం తొందరపాటేమో. ముక్కు దిబ్బడ, నాడి మందగించడం, కడుపులో పుండ్లు మాత్రం నిజంగానే ఉన్నాయి. అంతకన్నా మంచి మాత్రలు రాగానే డాక్టర్లు దీన్ని పక్కన పెట్టేశారు. అందుకే, మొక్క మందు కదా ఏం చేస్తుందిలే అని ఇంట్లో ఈ పొడి మింగడం ప్రమాదం. బీపీ మాత్రలు వాడేవాళ్లకు మరీ ప్రమాదం.

ఈ ఖ్యాతికి మూల్యం చెల్లించింది మొక్కే. ఆకు కోస్తే మొక్క మళ్లీ చిగురిస్తుంది, వేరు పీకితే ఇక లేదు. అమెరికాలో రాబర్ట్ వుడ్‌వర్డ్ 1956లో ప్రయోగశాలలోనే రిసర్పిన్‌ను తయారు చేసి చూపినా, అడవిలో తవ్వి తెచ్చే వేరే చవక కాబట్టి తవ్వకం ఆగలేదు. చివరికి దీన్ని 1990లో అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉండే సైటిస్ రెండో జాబితాలో చేర్చారు. కంపెనీలు అప్పటికే రిసర్పిన్ కోసం ఆఫ్రికాలో దొరికే మరో రావుల్ఫియా వైపు మళ్లాయి. సాగు చేద్దామంటే విత్తనాలు సరిగా మొలవవు, వేరు చేతికి రావడానికి ఏడాదిన్నర పైనే పడుతుంది. ఆ కొరతలోంచే కల్తీ పుట్టింది. అమెరికా ఖండం నుంచి వచ్చి మన రోడ్ల పక్కన కలుపులా పెరిగే ఇంకో రకం రావుల్ఫియా వేరును సర్పగంధ అని చెప్పి అమ్మేస్తుంటారు. ఎండిన ముక్కలు చూసి రెండింటినీ వేరు చేయడం మామూలు కంటికి చాలా కష్టం.