పోగొట్టుకున్న చోటే వెతికితే

రాత్రి ఒంటిగంట దాటింది. గదిలో లైటు లేదు, ఫోన్ వెలుగొక్కటే. తెరమీద జూదం యాప్‌లో మూడు చక్రాలు తిరుగుతున్నాయి. మూడింట్లోనూ ఏడు పడితే గెలుపు. మొదటిదాంట్లో ఏడు పడింది. రెండోదాంట్లోనూ ఏడే. మూడో చక్రం నెమ్మదిస్తూ ఏడు దాకా వచ్చి, ఒక్క గడి జారి ఆగింది. “అబ్బ, కొద్దిలో పోయింది!” వేలు మళ్లీ బటన్ మీదికి వెళ్లిపోయింది.

నిజానికి ఇక్కడ కొద్దిలో పోయిందేమీ లేదు. బటన్ నొక్కగానే సాఫ్ట్‌వేర్ ఒక యాదృచ్ఛిక సంఖ్యతో ఫలితం తేల్చేసింది. చక్రాలు తిరగడం, ఊరిస్తూ ఆగడం అంతా ఆ తర్వాతి తమాషా. ఏడు పక్క గడిలో ఆగినా, అసలు కనబడకపోయినా పోయే డబ్బు ఒకటే. మెదడుకి మాత్రం రెండూ ఒకటి కావు. 2009లో మెదడు శాస్త్రవేత్త ల్యూక్ క్లార్క్ బృందం కొందరిని స్కానర్‌లో పడుకోబెట్టి ఇలాంటి ఆటే ఆడించింది. గెలిచినప్పుడు చురుకయ్యే మెదడు భాగాల్లో కొన్ని, గెలుపు తృటిలో తప్పినప్పుడు కూడా చురుకయ్యాయి. మామూలుగా ఓడినదానికన్నా ఇలా ఓడితేనే ఎక్కువ చిరాగ్గా ఉందని ఆడినవాళ్లే చెప్పారు. ఏ బొమ్మ మీద పందెమో తామే ఎంచుకున్నప్పుడు మాత్రం, ఆ చిరాకులోనే ఇంకోసారి ఆడాలని కూడా అనిపించిందట!

డోపమైన్ అనగానే ఆనందాన్నిచ్చే రసాయనం అనేస్తుంటారు. సంగతి అంత తేలిక కాదు. మెదడు శాస్త్రవేత్త వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో, అనుకోకుండా పళ్లరసం చుక్క దొరికితే డోపమైన్ విడుదల చేసే మెదడు కణాలు ఒక్కసారిగా చురుకయ్యేవి. వస్తుందని ముందే తెలిసిన చుక్కని అవి పెద్దగా పట్టించుకునేవి కావు. 2003లో ఆయన బృందం ఇంకో విషయం గమనించింది. రసం వస్తుందో రాదో సగానికి సగం అన్న పరిస్థితిలో, ఎదురుచూసే ఆ రెండు క్షణాల్లో కణాల చురుకు మెల్లగా పెరుగుతూ పోయింది. జూదం యాప్ అమ్మేది ఈ ఎదురుచూపునే. అందుకే పెద్ద మొత్తం గెలిచినవాడు కూడా లేచి వెళ్లడు.

ఇక లెక్కకొద్దాం. రౌలెట్ అంటే తిరిగే చక్రంలో బంతి ఏ గడిలో, ఏ రంగు మీద ఆగుతుందో పందెం కాసే ఆట. 37 గడులున్న రౌలెట్‌లో ప్రతి గడి మీదా ఒక్కో నాణెం పెట్టండి. 37 పెడితే 36 తిరిగొస్తాయి. మిగిలిన ఆ ఒక్కటే నిర్వాహకుడి రాబడి, అంటే వందకు 2.7. చూడ్డానికి చిన్న కోతే. టేబుల్ దగ్గర గంటకు 40 సార్లు, సారికి 100 నాణేల చొప్పున ఆడితే సగటున 108 పోతాయి. ఫోన్‌లో ఐదు సెకన్లకోసారి ఆడితే గంటకు 720 ఆటలు. నష్టం 1,900 దాటుతుంది. కోత శాతం మారలేదు, మధ్యలో ఊపిరి తీసుకునే వ్యవధి మాయమైందంతే.

ఓడినకొద్దీ “ఈసారి తప్పకుండా వస్తుంది” అనిపించడం ఇంకో చిక్కు. 1913 ఆగస్టు 18న మొనాకోలోని మోంటే కార్లో కేసినోలో రౌలెట్ బంతి వరసగా 26 సార్లు నలుపు మీదే పడింది. ఇక ఎరుపు రాక తప్పదని జనం పందేలు పెంచుకుంటూ పోయి నిలువునా మునిగారు. బంతికి జ్ఞాపకశక్తి ఉండదు కదా. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలంటారు మన పెద్దలు. ఆ మాట తాళంచెవికి సరిపోతుంది, పందెంలో పోయినదానికి సరిపోదు. పోయింది రాబట్టుకుందామని మర్నాడు మళ్లీ కూర్చోవడమే వ్యసనానికి ఒక స్పష్టమైన గుర్తు.

“బాధ్యతగా ఆడండి” అని తెర అడుగున చిన్నక్షరాల్లో రాస్తారు. ఆ మాట నాకు పెద్దగా నచ్చదు. వరస ఓటముల టెన్షన్‌లో ఉన్నవాడికి నిగ్రహం గురించి చెప్పి ఏం లాభం? కట్టడి పెట్టుకోవాల్సింది ఆట మొదలెట్టక ముందు, బుర్ర చల్లగా ఉన్నప్పుడు. ఆన్‌లైన్ జూదానికి లైసెన్సులిచ్చే దేశాల్లో, లైసెన్సున్న చాలా సైట్లలో రోజుకింత, వారానికింత అని డిపాజిట్‌కి పరిమితి పెట్టుకోవచ్చు. తగ్గిస్తే వెంటనే అమలవుతుంది, పెంచాలంటే కొంత గడువు ఆగాలి. ఆ గడువే అసలు మందు. కొన్ని సైట్లు దీన్నే తిరగేసి వాడతాయి. డబ్బు వేయడానికి క్షణం చాలు, వెనక్కి తీయడానికి మాత్రం రోజులు. ఆ మధ్యలో “విత్‌డ్రాయల్ రద్దు చేయండి” అని ఒక బటన్ కనబడుతూనే ఉంటుంది. గెలిచిన సొమ్ము తరచూ కరిగేది అక్కడే. లైసెన్సు లేని సైటులో అయితే అడిగే దిక్కే ఉండదు.

పరిమితి కూడా ఆపలేకపోతోందంటే సమస్య వేరే. అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో జూద వ్యసనాన్ని మద్యం, మత్తుమందుల సరసన చేర్చింది. ఇది వ్యక్తిత్వ లోపం అనుకునేవాళ్లకి ఒక్క ఉదాహరణ చెప్తాను. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బుకి డోపమైన్‌లా పనిచేసే మందులు వాడిన కొందరికి, అంతకుముందు లేని జూదం పిచ్చి పట్టుకుంది. మందు తగ్గిస్తే చాలామందిలో అదీ తగ్గింది.

జూదం సమస్యగా మారిందో లేదో తేల్చుకోవడానికి డాక్టర్లు వాడే రెండు ప్రశ్నలున్నాయి. పందెం మొత్తం పెంచుకుంటూ పోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడుతున్నారో అయినవాళ్ల దగ్గర అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఒక్కదానికి అవునన్నా కౌన్సెలర్‌ని కలవడం మంచిది. అప్పుల బరువుతో చచ్చిపోవాలనిపిస్తుంటే రేపటిదాకా ఆగొద్దు. వెంటనే దగ్గరివాళ్లకి చెప్పండి, హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, లేదా ఆస్పత్రికి వెళ్లండి. ఇంట్లోవాళ్లు గుట్టుగా అప్పు తీర్చేసి ఊరుకుంటే, చాలాసార్లు అది ఇంకో ఆటకి పెట్టుబడి అవుతుంది. దానికంటే కొన్నాళ్లు కార్డులు, పాస్‌వర్డ్‌లు తమ దగ్గర పెట్టుకోవడం, ఇక నన్ను ఆడనివ్వొద్దని సైట్లకి రాసిచ్చే స్వీయ బహిష్కరణకి పక్కన కూర్చుని దరఖాస్తు చేయించడం ఎక్కువ సాయం.

చికిత్సలో ఎక్కువ ఆధారాలున్నది ఆలోచనల్ని, అలవాట్లని సరిదిద్దే కౌన్సెలింగ్‌కి. మొదటి వారం పని చాలా మామూలుగా ఉంటుంది. ఒక నోటుబుక్కులో ఆడాలనిపించిన ప్రతిసారీ టైము, చోటు, పక్కన ఎవరున్నారు, అంతకుముందు ఏం జరిగింది రాయాలి. వారం తర్వాత తిరగేస్తే చాలా పేజీల్లో ఒకటే కనబడొచ్చు: జీతం పడిన రాత్రి, ఒక్కడినే, మంచం మీద, చేతిలో ఫోన్. కౌన్సెలర్ అడిగే తర్వాతి ప్రశ్న అక్కణ్నుంచే వస్తుంది. వచ్చే జీతం రోజు రాత్రి ఆ ఫోన్ ఏ గదిలో ఉంటుంది?