ఆ ఊరి జనం దేనికి మురిసిపోతారో చూడండి

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. మీ పాఠ్యపుస్తకం 'ఫారెన్‌హీట్ 451' నవలలోని సమాజం గురించి మీరు పంపిన జవాబులన్నీ చదివాను. సగం మంది 'ఈ నవలలోని ప్రభుత్వం క్రూరమైనది' అని మొదలుపెట్టారు. మిగిలిన సగం 'అది విలువలు లేని సమాజం' అని ముగించారు. మొదటి మాట రాయడానికి నవల చదవనక్కరలేదు, వెనక అట్ట చూస్తే సరిపోతుంది. రెండో మాటతో నాకు పేచీ ఉంది. విలువలు లేని సమాజం ఏ డిస్టోపియా నవలలోనూ, అంటే రాబోయే సమాజాన్ని పీడకలలా చూపే నవలలోనూ, లేదు. ఒకే ఒక్క విలువను నెత్తికెత్తుకుని, దాని కోసం మిగిలినవన్నీ వదిలేసుకున్న సమాజాలే ఉన్నాయి. ఆ ఒక్కటి ఏమిటో నిషేధాల జాబితా చూస్తే తెలియదు. అక్కడి మామూలు మనుషులు దేన్ని గొప్పగా చెప్పుకుంటున్నారో, దేనికి ఉలిక్కిపడటం మానేశారో వెతకండి.

మీ పాఠ్యపుస్తకమే తీసుకుందాం. రే బ్రాడ్‌బరీ 'ఫారెన్‌హీట్ 451', 1953 నాటిది. పుస్తకాలు దొరికిన ఇంటిని తగలబెట్టడం అక్కడి ఫైర్‌మన్ ఉద్యోగం. మీ అందరి చూపూ ఆ మంటల మీదే నిలిచిపోయింది. కాసేపు వాటిని వదిలి, ఫైర్‌మన్ అయిన కథానాయకుడు మాంటాగ్ ఇంట్లోకి రండి. ఆ గదిలో మూడు గోడల నిండా టీవీ తెరలే. భార్య మిల్డ్రెడ్ నాలుగో గోడకు కూడా కావాలంటుంది. దాని ఖరీదు రెండు వేల డాలర్లు, భర్త ఏడాది జీతంలో మూడో వంతు. తెరల మీది మనుషులను ఆమె తన కుటుంబం అనుకుంటుంది. ఒక నాటకం స్క్రిప్టు పోస్టులో వస్తుంది. అందులో ఒక పాత్ర మాటలు ఖాళీగా ఉంటాయి, అవి ఆమెవి. తెర మీది వాళ్లు ఆగి ఆమె వైపు చూసినప్పుడు బాగుందనో ఔననో అనాలి. అంతే పాత్ర! దానికే ఆమె పొంగిపోతుంది.

అదే ఇంట్లో ఒక రాత్రి ఆమె సీసాడు నిద్రమాత్రలు మింగేస్తుంది. మాంటాగ్ ఫోన్ చేస్తే డాక్టరు రాడు. యంత్రాలు పట్టుకుని ఇద్దరు పనివాళ్లు వస్తారు. నోట్లో సిగరెట్లతో కడుపు కడిగి, రక్తం మార్చి, యాభై డాలర్లు తీసుకుంటారు. ఇలాంటి కేసులు రాత్రికి తొమ్మిదో పదో వస్తాయని, అందుకే ప్రత్యేకంగా యంత్రాలు తయారు చేశారని మామూలుగా చెప్పి, ఇంకో ఇంటికి వెళ్లిపోతారు. తెల్లారాక మిల్డ్రెడ్‌కు ఏదీ గుర్తుండదు, చెప్పినా నమ్మదు. అందరూ సంతోషంగా ఉండటమే ధ్యేయమని చెప్పుకునే ఊళ్లో ఇది కుళాయి మరమ్మతు లాంటి పనైపోయింది. ఈ నవల నుంచి ఒక్క పేజీనే ఉదాహరణగా వాడుకోవాలంటే నేను ఈ పేజీనే ఎంచుకుంటాను. మీలో ఒక్కరూ దీన్ని ప్రస్తావించలేదు.

ఫైర్‌మెన్ నియమాల పుస్తకం కూడా చూడండి. తమ సంస్థ 1790లో మొదలైందని, ఇంగ్లండు ప్రభావం ఉన్న పుస్తకాలను తగలబెట్టడానికే పుట్టిందని, మొదటి ఫైర్‌మన్ బెంజమిన్ ఫ్రాంక్లిన్ అని అందులో ఉంటుంది. నిజ జీవితంలో ఫ్రాంక్లిన్ అచ్చాఫీసు నడిపినవాడు. 1731లో ఫిలడెల్ఫియాలో చందాదారుల గ్రంథాలయం పెట్టించినవాడు. 1736లో అక్కడే మంటలార్పే దళం ఏర్పాటు చేసినవాడు. అలాంటివాడిని తగలబెట్టేవాళ్లకు మూలపురుషుడిని చేసి పెట్టారు. చేసే పనికి ఒక వంశవృక్షం ఉంటే తప్ప వాళ్లకు నిద్ర పట్టదన్నమాట.

జార్జ్ ఆర్వెల్ '1984'లో పార్సన్స్ అనే పక్కింటాయన ఉంటాడు. నిద్రలో పాలకుడికి వ్యతిరేకంగా పలవరించాడని ఏడేళ్ల కూతురే తండ్రిని పోలీసులకు పట్టిస్తుంది. జైలు గదిలో కూర్చుని ఆయన కూతురి గురించి గర్వంగా చెప్పుకుంటాడు, పిల్లను సరిగ్గా పెంచానని. ఆ పుస్తకంలో చిత్రహింసల ఘట్టాల కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ తండ్రి సంబరమే.

ఇక అసలు చిక్కు. మాంటాగ్ పై అధికారి కెప్టెన్ బీటీ, జ్వరమని పడుకున్న మాంటాగ్ మంచం పక్కన కూర్చుని పైపు వెలిగించి, పుస్తకాలు ఎలా పోయాయో చెబుతాడు. పైనుంచి ఆజ్ఞ రాలేదట. జనానికే తీరిక తగ్గింది. గొప్ప గ్రంథాలు పావుగంట రేడియో కార్యక్రమాలయ్యాయి, ఆపైన నిఘంటువులో పది పన్నెండు పంక్తులకు కుదించుకుపోయాయి. ఎవరి మనసూ నొచ్చుకోకూడదు, ఎవరూ ఇంకొకరి కన్నా తక్కువనిపించుకోకూడదు. ఇందులో మనం కాదనేది ఏముంది? మనమూ కోరుకునేవే కదా. అందుకే ఆ ప్రసంగం ప్రమాదకరం. మీలో ముగ్గురు దాన్ని రచయిత అభిప్రాయంగా ఎత్తి రాశారు. బీటీ బాగా చదువుకున్నవాడు, పుస్తకాల వాక్యాలతోనే పుస్తకాలను కొట్టగలడు. నిజాన్ని సగం చెప్పి ఆపేస్తాడు. మరి ఫైర్‌మెన్ సంగతేమిటని మాంటాగ్ అడుగుతాడు గానీ, బీటీ జవాబుకు ఎదురు చెప్పడు. జనం చదవడం మానేస్తే ఫైర్‌మెన్ దేనికి, మనుషులను వేటాడే ఆ మరకుక్క దేనికి అని మీరు అడగాలి.

కాలం గురించి రాసేటప్పుడు 'అప్పటి సమాజాన్ని ప్రతిబింబించింది' అని దాటేయకండి. 1950లో అమెరికాలో పది ఇళ్లకు ఒక టీవీ కూడా లేదు. ఆ దశాబ్దం ముగిసేసరికి దాదాపు తొమ్మిదిళ్లలో ఉంది. 1953లోనే, కమ్యూనిస్టుల వేట సాగించిన సెనేటర్ మెకార్తీ ఒత్తిడికి విదేశాల్లోని అమెరికన్ గ్రంథాలయాల నుంచి పుస్తకాలు తీసేశారు. పుస్తకాలు తగలబెట్టేవాళ్లతో చేరవద్దని ఆ జూన్‌లో అధ్యక్షుడు ఐసెన్‌హోవరే డార్ట్‌మత్ కళాశాల విద్యార్థులకు చెప్పాల్సి వచ్చింది. నవల ఆ అక్టోబరులో వచ్చింది.

తరవాతి ముచ్చట ఇంకా బాగుంటుంది. 1967లో ఇదే నవలకు ప్రచురణకర్తలు బడిపిల్లల కోసం ఒక ముద్రణ తెచ్చి, తిట్లూ అభ్యంతరకరమనిపించిన మాటలూ ఏరేశారు, 75 చోట్ల. తాగుబోతు పాత్ర కాస్తా జబ్బు మనిషైంది. కొన్నేళ్లు బజారులో ఆ ముద్రణే మిగిలింది. బ్రాడ్‌బరీకి ఈ సంగతి 1979లో గానీ తెలియలేదు. ఉత్తరాలు రాసి చెప్పింది మీలాంటి విద్యార్థులే. కత్తెర పట్టినవాళ్లు దుర్మార్గులు కారు, పిల్లలు చెడిపోకూడదనుకున్నవాళ్లు.

రచయితను కూడా ప్రశ్నించండి, మార్కులు పోవు. మిల్డ్రెడ్‌కు ఆయన ఒక్క ఆలోచనైనా ఇవ్వలేదని నా ఫిర్యాదు. ప్రశ్నలడిగే పదిహేడేళ్ల క్లారిస్‌ను కొద్ది పేజీలకే మాయం చేశాడు. చివర్లో పుస్తకాలను కంఠస్థం చేసి కాపాడేవాళ్లలో మనకు కనిపించేవాళ్లంతా మగవాళ్లే. ఆ ఊరి విలువలను పట్టుకున్న చూపుకు సొంత కాలపు విలువలు అందలేదని దీని మీద ఒక పేరా రాయవచ్చు.

వచ్చే ఆదివారం లోపు బీటీ ప్రసంగం మళ్లీ చదివి, మీకు నిజంగా నచ్చిన వాక్యాల కింద పెన్సిల్‌తో గీత గీయండి. ఒక్క గీతా లేని పుస్తకం తెచ్చినవాళ్లతో మళ్లీ చదివిస్తాను. గీత గీసిన ప్రతి వాక్యానికీ ఎదురుగా, ఆ మాట అమలైన ఇల్లు నవలలో ఎక్కడుందో పేజీ సంఖ్య వేయండి.

ఉంటాను,
మీ ఇంగ్లీషు మాస్టారు