వాయిస్ గేట్‌వేలో కాల్ రౌటింగ్, డీఎన్ఎస్: అపోహలు - వాస్తవాలు

వాయిస్ గేట్‌వే (ఫోన్ లైన్లనూ ఇంటర్నెట్ కాల్స్‌నూ కలిపే పరికరం) నుంచి కాల్ వెళ్లడం లేదంటే చాలామంది ముందు ఫైర్‌వాల్‌ను, కోడెక్‌ను (మాటను డేటాగా మార్చే పద్ధతిని) అనుమానిస్తారు. తప్పు తరచుగా అంతకంటే ముందే జరిగిపోయి ఉంటుంది. నంబరు ఏ డయల్ పీర్‌కు (ఫలానా నంబర్లను ఫలానా చోటికి పంపమని గేట్‌వేలో రాసే నియమానికి) తగిలింది? ఆ పీర్‌లో రాసిన పేరు ఏ ఐపీకి, ఏ పోర్టుకు తేలింది? ఈ రెండు ప్రశ్నలనూ విడివిడిగా తేల్చుకోవాలి. కింద చెప్పిన డయల్ పీర్ లెక్క సిస్కో గేట్‌వేలది. డీఎన్ఎస్ (పేరును ఐపీగా తేల్చే వ్యవస్థ) లెక్క సిప్ (ఇంటర్నెట్ కాల్స్‌ను కలిపే) ప్రమాణాన్ని పాటించే ఏ పరికరానికైనా ఒకటే.

అపోహ: డయల్ పీర్లను రాసిన వరుసలో పైనుంచి కిందికి చూస్తుంది.

వాస్తవం: వరుసతో పనిలేదు. ఎక్కువ అంకెలు కచ్చితంగా కలిసిన ప్యాటర్నే గెలుస్తుంది. 40.. (చుక్క అంటే ఏదో ఒక అంకె) అని ఒకటి, 4012 అని ఒకటి ఉంటే 4012కు వచ్చిన కాల్ రెండోదానికే పోతుంది. మొదటిదానికి ప్రిఫరెన్స్ 0, రెండోదానికి 5 ఇచ్చినా అంతే. మ్యాచ్ సమానంగా ఉన్నప్పుడే ప్రిఫరెన్స్ లెక్కలోకి వస్తుంది, అప్పుడు చిన్న సంఖ్యది పైచేయి.

అపోహ: డయల్ చేసిన నంబరు ఉన్నదున్నట్టు బయటికి వెళ్తుంది.

వాస్తవం: వీఓఐపీ (ఇంటర్నెట్ మీద వెళ్లే) పీర్‌లో వెళ్తుంది, పాట్స్ (మామూలు ఫోన్ లైనుకు వెళ్లే) పీర్‌లో వెళ్లదు. అక్కడ ప్యాటర్న్‌లో అంకెలుగా రాసినవన్నీ కత్తిరించి, మిగిలినవే ట్రంక్ (ఎక్స్ఛేంజ్‌కు వెళ్లే లైను) మీదికి పంపుతుంది. బయటి లైనుకు ముందు 9 నొక్కే చోట ఇది మంచిదే. కానీ ప్యాటర్న్‌లో 112 అని నేరుగా రాస్తే మూడు అంకెలూ పోయి, ఎక్స్ఛేంజ్‌కు ఖాళీ నంబరు చేరుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసే కాల్ అది. ఆ పీర్‌లో ‘ఫార్వర్డ్-డిజిట్స్ ఆల్’ తప్పనిసరిగా పెట్టండి. ఐఎస్‌డీఎన్ (డిజిటల్ ఫోన్ లైను) ట్రంక్ అయితే క్యూ931 డీబగ్‌లో (ఆ లైను మీది సిగ్నల్ సందేశాలను చూపేదానిలో) కాల్డ్ పార్టీ నంబరు కళ్లారా చూడండి. టెస్ట్ కాల్ చేసే ముందు అత్యవసర సేవల వారికి చెప్పాలి.

అపోహ: సర్వర్ పేరు పక్కన 5060 (సిప్ మామూలుగా వాడే పోర్టు) అని కూడా రాస్తే ఇంకా భద్రం.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఆర్ఎఫ్‌సీ 3263 ప్రకారం పోర్టు రాసి ఉంటే ఎస్ఆర్‌వీ రికార్డు (ఒక సేవకు ఏయే సర్వర్లు, ఏ పోర్టులో ఉన్నాయో చెప్పేది) జోలికి పోకుండా నేరుగా ‘A’ రికార్డునే (పేరుకు ఐపీ చెప్పేది) అడగాలి. ప్రొవైడర్ రెండు మూడు సర్వర్లను ఎస్ఆర్‌వీలో పెట్టినా వాటి సంగతి మీ గేట్‌వేకు తెలియదు. పైగా డొమైన్ పేరుకున్న ‘A’ రికార్డు వెబ్‌సైటుది కావచ్చు. అప్పుడు ఇన్వైట్‌లు (కాల్ మొదలుపెట్టే సిప్ సందేశాలు) వెబ్ సర్వర్‌కు పోతాయి, జవాబు రాదు.

ఎస్ఆర్‌వీలో వరుసగా ప్రయారిటీ, వెయిట్, పోర్టు, టార్గెట్ పేరు ఉంటాయి. ప్రయారిటీ చిన్నది ముందు. ప్రయారిటీ, వెయిట్ 10 60, 10 40, 20 0 అని మూడు రికార్డులుంటే మొదటి రెండూ కాల్స్‌ను సుమారు 60:40గా పంచుకుంటాయి. అవి రెండూ అందకపోతేనే మూడోదాని వంతు. టార్గెట్‌లో ఐపీ రాయకూడదు, సీనేమ్ (ఇంకో పేరుకు మారుపేరుగా పెట్టిన) పేరూ పెట్టకూడదు.

అపోహ: ల్యాప్‌టాప్‌లో పేరు తేలింది కాబట్టి గేట్‌వేలోనూ తేలుతుంది.

వాస్తవం: గేట్‌వే అడిగే నేమ్ సర్వర్ వేరు కావచ్చు, అడిగే ఇంటర్‌ఫేస్ కూడా వేరు కావచ్చు. పైగా ఎన్ఎస్‌లుకప్‌లో (డీఎన్ఎస్‌ను అడిగి చూసే కమాండ్‌లో) టైప్ మార్చకపోతే ఎస్ఆర్‌వీని అసలు అడగదు. గేట్‌వే వాడే నేమ్ సర్వర్‌నే పేర్కొని, టైప్ ఎస్ఆర్‌వీ పెట్టి చూడండి.

అపోహ: మొదటి సర్వర్ పడిపోతే రెండోది వెంటనే అందుకుంటుంది.

వాస్తవం: యూడీపీలో (చేరిందో లేదో చూసుకోని రవాణా పద్ధతిలో) జవాబు రాని ఇన్వైట్‌ను 0.5, 1, 2, 4 సెకన్ల ఎడంతో మళ్లీ మళ్లీ పంపుతుంది. ప్రమాణం ప్రకారం చేతులెత్తేసేది 32 సెకన్లకు. అప్పటికి కాల్ చేసినవాళ్లు పెట్టేసి ఉంటారు. సిస్కోలో ‘రీట్రై ఇన్వైట్’ (ఎన్నిసార్లు మళ్లీ పంపాలో చెప్పే సెట్టింగ్) 2కు దించితే నిరీక్షణ కొద్ది సెకన్లకు తగ్గుతుంది. ఆప్షన్స్ కీప్‌ఎలైవ్ (అవతలి సర్వర్ పనిచేస్తోందా అని అప్పుడప్పుడు అడగడం) కూడా పెడితే పడిపోయిన పీర్‌ను గేట్‌వే ముందే పక్కన పెడుతుంది.

అపోహ: డీఎన్ఎస్‌లో ఐపీ మార్చగానే పని అయిపోయినట్టే.

వాస్తవం: టీటీఎల్ (జవాబును ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే సంఖ్య) 86400 ఉంటే పాత జవాబు ఒక రోజంతా క్యాషేలో ఉండగలదు. మార్పుకు కనీసం ఒక రోజు ముందే దాన్ని 300కు దించాలి. ఆస్టరిస్క్ (ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్) వాడేవారికి ఇంకో మెలిక ఉంది. పీజేసిప్‌లో (అందులోని సిప్ భాగంలో) ఐడెంటిఫై సెక్షన్‌లో (వచ్చే కాల్ ఎవరిదో ఐపీని బట్టి గుర్తించేచోట) రాసిన హోస్ట్ పేరు కాన్ఫిగ్ లోడ్ అయ్యేటప్పుడే ఐపీగా మారుతుంది. ప్రొవైడర్ ఐపీ మార్చాక మీరు రీలోడ్ చేసేదాకా, కొత్త ఐపీ నుంచి వచ్చే కాల్స్‌ను ఆ ఎండ్‌పాయింట్‌వని (ఆ ప్రొవైడర్ కోసం రాసిన కనెక్షన్‌వని) గుర్తించదు. అవుట్‌గోయింగ్ మాత్రం మామూలుగానే వెళ్తుంటుంది.