ఎడారిలో నానమ్మ ఫిల్టర్ కాఫీ

క్వార్ట్‌జ్‌సైట్, అరిజోనా

చిట్టీ, బుజ్జీ,

మొన్న వీడియో కాల్‌లో మీకు జవాబు చెప్పేలోపే సిగ్నల్ పోయింది. "కరెంటు లేని చోట పొద్దున్నే కాఫీ ఎలా తాతయ్యా?" అన్నారు కదా. మీ టెన్షన్ నా కాఫీ గురించి కాదు, కాఫీ పడకపోతే నానమ్మ ఎవరిమీద విరుచుకుపడుతుందోనని. నాకు తెలుసులే!

మీ బాబాయి ఆర్వీ అంటే చక్రాల మీద ఇల్లే. మంచం, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ అందులోనే. ఫీనిక్స్‌కి పడమరగా రెండు గంటలు నడిపి, దీన్ని తెచ్చి ఈ ఎడారిలో నిలిపాడు. ఇది ప్రభుత్వ భూమి. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా పర్మిట్ కొనుక్కుని ఉండొచ్చు. కరెంటు తీగ, నీళ్ల గొట్టం ఏదీ బండి దాకా రాదు. వెంట తెచ్చుకున్నదే దిక్కు. ఇలా ఉండటాన్ని ఇక్కడివాళ్లు బూన్‌డాకింగ్ అంటారు.

మొదటిరోజు పొద్దున మీ బాబాయి ఇంట్లో వాడే కాఫీ మేకర్ ప్లగ్ పెట్టి స్విచ్ వేశాడు. సీటు కింద ఇన్వర్టర్ కుయ్యో మని అరిచి ఆగిపోయింది. ఎందుకో మీరే లెక్క కట్టండి. కాఫీ మేకర్ 1000 వాట్లు, బ్యాటరీ 12 వోల్టులు. భాగిస్తే 83 ఆంపియర్లు. ఇన్వర్టర్ తినేది కూడా కలిపితే 90 దాటుతుంది. మాది పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ. అంత కరెంటు ఒక్కసారిగా లాగేసరికి దాని వోల్టేజీ పడిపోయింది.

సరే, ఆగకుండా పనిచేసిందే అనుకుందాం. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 1200 వాట్-అవర్లు. అందులో సగమే వాడుకోవాలి, రోజూ అంతకు మించి లాగితే బ్యాటరీ తొందరగా పోతుంది. ఆ 600లో ఒక్క కాఫీకే, పది నిమిషాలకి, 170 దాకా ఖర్చు. మరి రాత్రి లైట్లు, నీళ్ల పంపు? హీటర్ మండేది గ్యాస్‌తోనే అయినా, దాని ఫ్యాన్ తిరగడానికి బ్యాటరీయే కావాలి. జనవరి రాత్రుళ్లు ఇక్కడ ఐదు డిగ్రీలకి దిగుతుంది. అందుకే వేడి పుట్టించే పనులన్నీ గ్యాస్‌కి వదిలేశాం. పైకప్పు మీది సోలార్ ప్యానెల్ నింపే కరెంటు మిగతా వాటికి.

బాబాయి ఇంకా ఇన్వర్టర్ బటన్లు నొక్కుతుండగానే మీ నానమ్మ సూట్‌కేసులోంచి స్టీలు ఫిల్టర్ తీసింది. పై గిన్నెలో నాలుగు చెంచాల చికోరీ కలిసిన పొడి వేసి, పైన బిళ్ళ పెట్టి మెల్లగా అదిమింది. గట్టిగా అదిమితే నీళ్లు దిగవు. వదులుగా ఉంటే బిరబిరా కిందికి పోయి డికాక్షన్ నీళ్లలా వస్తుంది. మరిగిన నీళ్లు దించి, ఓ అరనిమిషం ఆగి, సన్నటి ధారగా పోసి మూత పెట్టింది. ఆపైన భూమి ఆకర్షణ శక్తే లాక్కుంటుంది, దానికి వాట్లు అక్కర్లేదు! ఇప్పుడు రాత్రే వేసి పెడుతోంది. పొద్దున లేచాక పాలు కాచుకోవడమే.

పాలు ఫ్రిజ్‌లోనే. అది కూడా గ్యాస్‌తో నడిచే రకం. గ్యాస్ మంటతో చల్లబడటమేంటని నేనూ నోరు తెరిచాను. లోపల అమ్మోనియా వేడికి ఆవిరై, చల్లారి, మళ్లీ కిందికి జారుతూ తిరుగుతుందట. బండి ఓ పక్కకి ఒరిగి ఉంటే ఆ జారుడు కుదరదు. అందుకే రాగానే బాబాయి చక్రాల కింద దిమ్మలు పెట్టి బండిని సమం చేశాడు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నాను. పొయ్యి వెలిగిస్తే కిటికీ, పైకప్పు వెంట్ తెరవాల్సిందే. చలేస్తోందని పొయ్యితో బండిని వెచ్చబెట్టకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. అందుకే గోడకి దాని అలారం బిగించి ఉంది.

నీళ్ల దగ్గర నానమ్మకి ఎవరూ చెప్పక్కర్లేదు, ట్యాంకర్ దగ్గర బిందెలు పెట్టి నిలబడ్డ మనిషి. కాఫీ పిప్పి సింకులో వేస్తే గొట్టం పూడిపోతుంది కాబట్టి చెత్త సంచిలోకే. ఫిల్టర్‌ని ముందు కాగితంతో తుడిచి, తర్వాత గ్లాసుడు నీళ్లతో కడుగుతుంది. ఆ కడిగిన నీళ్లనీ నేలమీద పారబోయకూడదు, బండి కింద వేరే ట్యాంకులో పట్టి ఉంచి, ఆర్వీల మురుగునీళ్లు వదిలే చోటు, అదే డంప్ స్టేషన్‌లో వదలాలి.

అన్నట్టు, ఈ ఊరి శ్మశానంలో పిరమిడ్ లాంటి సమాధి, దాని కొసన ఒంటె బొమ్మ చూశాం. అమెరికా సైన్యం ఎడారిలో సామాన్లు మోయించడానికి తెప్పించిన ఒంటెలతో 1856లో వచ్చిన హాజీ అలీ అనే ఆయనది. ఇక్కడివాళ్లకి నోరు తిరక్క 'హాయ్ జాలీ' చేసేశారు. మన పేర్లకి జరిగేదీ అదేగా!

మీ నాన్నకి ఓ మాట చెప్పండి. నిన్న గాలికి ఫిల్టర్ బిళ్ళ ఎగిరి ఇసకలో పడింది. నానమ్మ, నేను గంటసేపు వెతికినా దొరకలేదు. ప్రస్తుతం చెంచా వెనకవైపుతో అదుముతోంది, డికాక్షన్ రోజుకో రకంగా వస్తోంది. అటునుంచి ఎవరైనా వస్తుంటే మూడో నంబరు ఫిల్టర్‌కి సరిపోయే బిళ్ళ ఒకటి పంపించమనండి. రెండైతే ఇంకా మంచిది.

మీ తాతయ్య